కుర్చీలోంచి లేవకముందే అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే జబ్బులు వేరే వేరే గానీ బాధ ఒకటే అనిపించింది. పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, బయట మూడు గంటలు కూర్చున్నాం, లోపల అయిదు నిమిషాలు ఉన్నాం, బయటికొచ్చాక చూస్తే ఆయన ఏం చెప్పారో మాకు తెలీలేదు, ఇదే మాట. నేను కాకినాడలో జనరల్ ఫిజీషియన్‌గా చేస్తూ ఇరవై ఆరేళ్ళయింది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్పెషలిస్టుకి చూపించుకుని మర్నాడు అదే ఫైలు పట్టుకొచ్చి "ఇందులో ఏముందో కాస్త తెలుగులో చెప్పండి మేడమ్" అనేవాళ్ళు వారానికి పదిమందైనా ఉంటారు. వాళ్ళలో టీచర్లున్నారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళున్నారు, వేలిముద్ర వేసేవాళ్ళూ ఉన్నారు. అందుకే ముందే చెప్తున్నా, అర్థం కాకపోవడం మీ చదువు తక్కువై కాదు, మీకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పక. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా నాన్నగారికి 66 ఏళ్ళు, ఆయాసంగా ఉందంటే గుండె డాక్టర్‌కి చూపించి ఎకో తీయించాం. రిపోర్టులో ఈఎఫ్ 55 శాతం అని ఉంది. అంటే గుండె సగమే పనిచేస్తున్నట్టా? డాక్టర్ గారు "బానే ఉంది" అన్నారు గానీ మాకు ధైర్యం చెప్పడానికి అలా అన్నారేమో అని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నాన్న మేడ మెట్లెక్కడం మానేశారు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బాబూ, ముందు నాన్నగారిని మెట్లెక్కనివ్వండి. ఈ 55 అనేది పరీక్షలో వందకి వచ్చిన మార్కులు కాదు. గుండెలో ఎడమవైపు కింద ఒక గది ఉంటుంది, ఒంటికి రక్తం తోసేది అదే. అది నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి, ఒక్కసారి పిండినప్పుడు అందులో 70 దాకా బయటికి తోస్తుంది, మిగిలింది లోపలే ఉంటుంది, ఎంత ఆరోగ్యవంతుడికైనా అంతే. 120లో 70 అంటే లెక్కేసుకోండి, 58 శాతం, ఈ శాతాన్నే ఈఎఫ్ అంటాం. అంటే మీ నాన్నగారి 55 మామూలు అంకెల్లోనే ఉంది. 40కో అంతకన్నా కిందకో పడితే అప్పుడు గుండె పంపింగ్ తగ్గింది అంటాం. డాక్టర్ గారు నిజమే చెప్పారు, కాకపోతే ఈ నాలుగు ముక్కలు కూడా కలిపి చెప్పుంటే మీ ఇంట్లో ఇన్ని రాత్రుల నిద్ర పోయేది కాదు.

అదే రిపోర్టులో కింద "ట్రివియల్ ఎంఆర్" అనో "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్" అనో ఉంటే దానికీ కంగారుపడతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. ఎంఆర్ అంటే గుండెలో ఒక కవాటం దగ్గర రక్తం వెనక్కి కారడం, ట్రివియల్ అంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత అని. రెండోది గుండె సడలడంలో కాస్త బిగువు, అరవై దాటినవాళ్ళ రిపోర్టుల్లో చాలా మామూలుగా కనిపిస్తుంది, బీపీ అదుపులో పెట్టుకోమని గుర్తుచేసే మాట అనుకోండి. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఈఎఫ్ బావుంది కదా అని ఆయాసాన్ని వదిలేయకండి. రక్తం తక్కువైనా, ఊపిరితిత్తుల్లో ఇబ్బంది ఉన్నా, గుండె సరిగ్గా సడలకపోయినా ఆయాసం వస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు "ఈఎఫ్ బావుంటే మరి ఆయాసం దేనివల్ల సార్" అని అడగండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 54 ఏండ్లు. చేతుల వేళ్ళు వాచి పొద్దుగాల పిడికిలి పట్టరాకపోయేది. హైదరాబాద్‌ల కీళ్ళ డాక్టర్‌కు చూపిస్తే కీళ్ళవాతం అని గోలీలు రాసిండు. చీటీ మీద ఏమున్నదో మాకు సమజ్ కాలే, మందుల షాపాయన అన్నీ రోజూ తిన్నాక ఏస్కోమన్నడు. పది రోజులకు నోరంతా పుండ్లయినయి, నీళ్ళు మింగినా మంట, జరమొచ్చింది. దవాఖానల చేర్పిస్తే అది వారానికి ఒక్కసారి ఏసుకునే గోలీ, మీరు రోజూ ఏసిన్రు అన్నరు. ఇప్పుడు పానం మంచిగైంది. తప్పు మాదేనా? మళ్ళ ఆ గోలీ ఏసుకోవాల్నా? అమ్మకు దాన్ని చూస్తేనే భయమైతున్నది.
— ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అమ్మ బయటపడింది, అది చాలా పెద్ద విషయం. తప్పు మీది కాదు. రాసినాయన నోటితో చెప్పలేదు, ఇచ్చినాయన చీటీ సరిగ్గా చదవలేదు, ఇద్దరూ వదిలేసిన బరువు వచ్చి మీ అమ్మ మీద పడింది.

ఆ మందు మెథోట్రెక్సేట్ అయి ఉంటుంది, నువ్వు చెప్పిన గుర్తులన్నీ దానివే. కీళ్ళవాతానికి, అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి, ప్రపంచమంతా ముందుగా ఇచ్చే మందు ఇదే, సరిగ్గా వాడితే వేళ్ళు వంకర పోకుండా కాపాడుతుంది. కానీ ఒక్క పెద్ద షరతు ఉంది, వారంలో ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ఎముక మూలుగలో రక్తకణాలు తయారవడం ఆగిపోతుంది, నోట్లో పుళ్ళు, జ్వరం, విరేచనాలు మొదలవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది. నోటి పుళ్ళు కనపడగానే మీరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు కదా, అమ్మని కాపాడింది అదే.

మళ్ళీ వేసుకోవాలా వద్దా అనేది ఆ కీళ్ళ డాక్టరే చెప్పాలి, రక్తపరీక్షలు, లివర్ పరీక్షలు చూసి నిర్ణయిస్తారు, చాలామందికి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది, లేకపోతే వేరే మందులున్నాయి. మళ్ళీ మొదలుపెడితే మాత్రం ఇలా చెయ్యండి. వారంలో ఏ రోజో డాక్టర్ గదిలోనే ఖాయం చేసుకోండి, "ఆదివారం" అంటే ఆదివారమే. షాపులో మందు తీసుకున్నాక ఆ అట్ట మీద పెన్నుతో పెద్దగా ఆదివారం అని రాయించండి. దాన్ని మిగతా మందుల డబ్బాలో పెట్టొద్దు, వేరే చోట, వీలైతే నీ దగ్గరే పెట్టుకో. నాలుగు వారాలంటే నాలుగే రోజులు, వాటికి సరిపడా మాత్రలే కొనండి, ఎక్కువ ఇంట్లో ఉంటేనే ప్రమాదం. దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ అని ఒక చిన్న మాత్ర ఇస్తారు, రెండూ చూడ్డానికి పసుపుగా చిన్నగా ఒకేలా ఉండొచ్చు, అది ఏ రోజుల్లో వేసుకోవాలో విడిగా అడగండి, ఒకదాని బదులు ఒకటి వేసుకుంటే మళ్ళీ అదే కథ. ఇంకోటి, జలుబనో మూత్రంలో మంటనో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మందు వాడుతున్నామని తప్పకుండా చెప్పాలి, సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ మాత్ర దీనితో కలిస్తే చాలా ప్రమాదం.

ఇది చదివే మందుల షాపు వాళ్ళెవరైనా ఉంటే చేతులు జోడించి అడుగుతున్నా, మెథోట్రెక్సేట్ చేతికి ఇచ్చేటప్పుడు "వారానికి ఒక్కసారి, ఏ రోజు వేసుకుంటారు?" అని అడిగి వాళ్ళ నోటితో రోజు చెప్పించుకుని అప్పుడే ఇవ్వండి.

ప్రశ్న: అమ్మా, మాది కవిటి దగ్గర ఊరు. నాకు 52 ఏళ్ళు. క్యాంపులో రక్తం తీసి క్రియాటినిన్ 1.4 అన్నారు, కాగితం మీద 0.6 నుంచి 1.2 దాకా ఉండొచ్చని ఉంది. కొంచెమే ఎక్కువ కదా అని మా ఆయన, ఇక డయాలసిస్సే అని మా తోడికోడలు. రోజుకి ఆరు లీటర్ల నీళ్ళు తాగితే దిగిపోద్దని ఒకరు చెప్తే తాగుతున్నాను. జీడితోటలో పనికెళ్ళొచ్చాక నడుం నొప్పికి షాపులో బిళ్ళ తెచ్చుకుంటాను. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ఇద్దరి మాటా తప్పే, కోపం తెచ్చుకోకుండా చెప్పండి వాళ్ళకి.

క్రియాటినిన్ అంటే కండరాల్లోంచి వచ్చే చెత్త, దాన్ని వడపోసి బయటికి పంపేది కిడ్నీలు. కండ ఎక్కువున్న మనిషికి చెత్త ఎక్కువ, బక్కమనిషికి తక్కువ. అందుకే 1.4 అనే ఒకే అంకె ఇద్దరికి ఒకలా ఉండదు. దాన్ని వయసుతో, ఆడా మగా అన్నదాంతో కలిపి లెక్కేస్తే ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె వస్తుంది, కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పేది అదే. పాతికేళ్ళ కుర్రాడికి 1.4 ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 71 వస్తుంది. మీ 52 ఏళ్ళకి అదే 1.4తో లెక్కేస్తే 45 చుట్టూ వస్తుంది. చూశారా, కాగితం మీద "కొంచెమే ఎక్కువ"లా కనిపించే అంకె లోపల చాలా చెప్తోంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకి పైగా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. 45 అంటే మూడో దశ. డయాలసిస్ మాట సాధారణంగా 15 కిందికి దిగాక వస్తుంది, అదీ మనిషికి లక్షణాలు చూసి. అంటే మీ తోడికోడలు అన్నంత దూరం వెళ్ళలేదు, మీ ఆయన అనుకున్నంత తేలిగ్గానూ లేదు. ఈ మధ్యలో ఉన్నప్పుడు జాగ్రత్తపడితే చాలామందికి ఏళ్ళ తరబడి కిందికి జారకుండా ఆపొచ్చు, అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నీళ్ళతో క్రియాటినిన్ కడిగేయలేం. ఎండలో తోటపని చేసేవాళ్ళు దాహం వేయనీయకుండా తాగాలి, మూత్రం ముదురు పసుపు రాకుండా చూసుకోవాలి, అది వేరే సంగతి, కానీ లెక్కపెట్టుకుని ఆరు లీటర్లు తాగితే కిడ్నీ బాగుపడదు. నడుం నొప్పి బిళ్ళ మాత్రం ఈ రోజుతో ఆపండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఇవన్నీ కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, షాపులో పేరు చెప్పకుండా అట్టలోంచి కత్తిరించి ఇచ్చే నొప్పి బిళ్ళలు ఎక్కువగా ఇవే. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ డాక్టర్ చెప్పినంతే. పసరు మందు, పొట్లం మందు కూడా వద్దు, అందులో ఏం కలిపారో ఇచ్చినాయనకే తెలీదు.

మీ ఉద్దానం సంగతి నేను చెప్పక్కర్లేదు, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎన్ని ఇళ్ళు ఈ జబ్బుతో నలిగిపోయాయో మీరే చూస్తున్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడి జబ్బుతో చిక్కేంటంటే షుగరు బీపీ లేనివాళ్ళకీ వస్తోంది, కాళ్ళ వాపు లాంటివి ముందుగా కనపడవు, మనిషి తోటపని చేసుకుంటూనే ఉంటాడు. పలాసలో 2023లో ప్రభుత్వం కిడ్నీ పరిశోధన కేంద్రంతో కలిపి ఆసుపత్రి తెరిచింది, మీకు దగ్గరే. అక్కడికెళ్ళి మూడు అడగండి, నా ఈజీఎఫ్ఆర్ ఎంత, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా, మళ్ళీ ఎన్ని నెలలకి రక్తం ఇవ్వాలి. వచ్చిన ప్రతి అంకెనీ తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాయించుకోండి. ఒక్క రిపోర్టు కన్నా వరసగా నాలుగు అంకెలు డాక్టర్‌కి ఎక్కువ చెప్తాయి.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నానమ్మకి షుగర్, బీపీ. తనకి చదవడం రాదు, నేనే చీటీ చూసి మందులు ఇస్తాను. ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్ఎస్, ఎస్ఓఎస్ అంటే ఏంటి? తప్పు ఇస్తానేమోనని భయం.
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: తల్లీ, ఆ భయం మంచిదే, దానివల్లే కదా అడిగావు. ఓడీ అంటే రోజుకి ఒకసారి. బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు. హెచ్ఎస్ రాత్రి పడుకునే ముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, నొప్పి ఉంటేనో జ్వరం ఉంటేనో, రోజూ కాదు. ఏసీ అంటే తినకముందు, పీసీ తిన్నాక. కొందరు 1-0-1 అని రాస్తారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి.

ఇప్పుడు ఒక అట్టముక్క తీసుకుని నాలుగు గళ్ళు గియ్యి, పొద్దున టిఫిన్ ముందు సూర్యుడు, టిఫిన్ తర్వాత సూర్యుడూ పళ్ళెం, మధ్యాహ్నం అన్నం, రాత్రి చందమామ. ఒక్కో గడిలో ఒక్కో మాత్ర ఖాళీ అట్టముక్క కత్తిరించి అంటించు. నువ్వు బడికెళ్ళినప్పుడు కూడా నానమ్మ చూసి పోల్చుకోగలుగుతుంది. షాపులో బ్రాండు మారిస్తే రంగు మారుతుంది కాబట్టి అట్టముక్క కూడా మార్చాలి.

ఇంకో పని నీకే అప్పజెప్తున్నా, పెద్దవాళ్ళు కూడా సరిగ్గా చెయ్యరు. అట్ట మీద పెద్ద అక్షరాల బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరుంటుంది, అది చదువు. టెల్మా, టెల్మికైండ్ రెండూ వేర్వేరు పేర్లు గానీ లోపలున్నది టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ మందు. షుగర్ డాక్టర్ ఒకటి, గుండె డాక్టర్ ఒకటి రాస్తే ఇంట్లో రెండూ వేసేస్తారు, బీపీ దిగిపోయి బాత్రూమ్‌లో పడిపోతారు. అలా పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశాను. ఒకే పేరు రెండు అట్టల మీద కనపడితే రెండూ తీసుకుని డాక్టర్‌కి చూపించు. చీటీ చదవలేకపోతే మొహమాటపడకు, మందు పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016 నుంచి డాక్టర్లకి నిబంధనే ఉంది, మళ్ళీ రాసిమ్మని అడగొచ్చు.

ప్రశ్న: మా అక్కకి రొమ్ములో గడ్డ తీసి పరీక్షకి పంపారు. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అని వచ్చింది. రెండు పాజిటివ్‌లు చూసి అక్క అన్నం తినడం మానేసింది.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ఇది ఇప్పుడే అక్కకి చదివి వినిపించు. క్యాన్సర్ ఉందన్నది బయాప్సీలోనే తెలిసింది, ఈ పాజిటివ్‌లు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. ఆ గడ్డ కణాల మీద ఆడ హార్మోన్లు అతుక్కునే తాళం కప్పలు ఉన్నాయా లేవా అని చూసే పరీక్ష అది. పాజిటివ్ అంటే ఉన్నాయని, అంటే టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు ఈ గడ్డ మీద పనిచేస్తాయి. చికిత్సకి ఒక దారి ఎక్కువ ఉన్నట్టు. హెర్2 నెగటివ్ అంటే ఆ పేరున్న ప్రొటీన్ ఆ కణాల మీద ఎక్కువగా లేదని. ఆ మాత్రలు కనీసం అయిదేళ్ళు వాడాల్సి ఉంటుంది, "ఇప్పుడు బానే ఉన్నాను కదా" అని మధ్యలో ఆపేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు, ఆ సంగతి ఇప్పట్నించే చెప్పి ఉంచు.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నేను డాలస్‌లో ఉంటాను. నాన్నకి తెనాలిలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. తట్టుకోలేరని డాక్టర్ గారికి చెప్పి "గ్రంథి వాపు" అనిపించాం. మూడు నెలలకోసారి ఇంజెక్షన్. ఈసారి "నాకు బానే ఉంది, ఆ సూదికి అంత డబ్బు దేనికిరా" అని వెళ్ళలేదట, అమ్మ నాకు రెండు నెలల తర్వాత చెప్పింది. ఫోన్లో ఎంత చెప్పినా వినట్లేదు.
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: బాబూ, మీరు ప్రేమతోనే చేశారు, ఆ మాట ముందు చెప్పాలి. కానీ నాన్న చేసింది కూడా సబబే, ఆయనకి తెలిసిన లెక్క ప్రకారం. వాపు తగ్గింది, మూత్రం బానే వస్తోంది, కొడుకు డబ్బు ఎందుకు తగలెయ్యాలి, ఏ తండ్రైనా అలాగే ఆలోచిస్తాడు. ఆ ఇంజెక్షన్ క్యాన్సర్‌కి తిండి పెట్టే హార్మోన్‌ని ఆపుతుంది, సూది మానేస్తే జబ్బు మళ్ళీ మొదలవుతుంది అని తెలిస్తే కదా ఆయన ఆలోచన మారేది. జబ్బు పేరు దాచి మందు మాత్రం క్రమం తప్పకుండా వాడమంటే ఎలా వాడతారు.

నాన్న ఇప్పటికే సగం ఊహించి ఉంటారని నా అనుమానం, చాలామంది పెద్దవాళ్ళు ఇంట్లోవాళ్ళు బాధపడతారని తెలీనట్టు ఉంటారు. మీరు ఫోన్లో చెప్పకండి. వీలైతే ఒక వారం వచ్చి ఆయన పక్కన కూర్చోండి, కుదరకపోతే ఆయన మాట వినే మీ బాబాయో మావయ్యో వెంట ఉండగా డాక్టర్ గారి చేత చెప్పించండి. ముందు ఒక ప్రశ్న వేయమనండి, "మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని. "అంతా మా అబ్బాయికే చెప్పండి" అంటే అదీ ఆయన ఇష్టమే, కానీ ఆ మాట ఆయన నోటినుంచి రావాలి. రెండు నెలలు దాటింది కాబట్టి ఇంజెక్షన్ సంగతి ఈ వారమే డాక్టర్‌తో మాట్లాడండి.

అమ్మానాన్న మీ దగ్గరికొచ్చినప్పుడు అక్కడి ఆసుపత్రిలో మీరే దుబాసీ అవకండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు అక్కడ ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి, ఫోన్లో తెలుగువాళ్ళని కూడా కలుపుతారు, ముందే అడగండి. కొడుకు అనువదిస్తే కొన్ని మాటలు గొంతులోనే ఆగిపోతాయి, మీకే తెలుసు.

ప్రశ్న: మా ఆవిడ ఆపరేషన్‌కి రాత్రి పదకొండింటికి ఇంగ్లీషు కాగితాలు ఇచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తే సంతకం పెట్టాను. ఇప్పుడు కేస్ షీట్ అడిగితే ఇవ్వం అంటున్నారు. మాకు హక్కు లేదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉంది. పేషెంటు గానీ, తన తరఫున తీసుకోమని ఆవిడ రాసిచ్చిన మనిషి గానీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డుల కాపీలు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. అడిగినట్టు ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో కూడా ఈ మాట ఉంది.

సంతకం విషయం. ఆవిడ స్పృహలో ఉండగా, మేజర్ అయి ఉండగా, ఆవిడ సంతకం కావాలి, మీది కాదు. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే చెప్పింది. లోపల కెమెరా పెట్టి చూడ్డానికి ఒప్పుకున్న ఒకావిడకి మత్తులో ఉండగానే తల్లి చేత సంతకం చేయించి గర్భసంచి తీసేశారు, అది ఒప్పుకోలు కాదంది కోర్టు. ఏం చేస్తున్నారు, ఎందుకు, లాభమేంటి, ప్రమాదమేంటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ ముందే తెలియాలంది. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం వేరు, మిగతా వాటికి రాత్రి పదకొండింటి దాకా ఆగక్కర్లేదు. ముందు రోజు సాయంత్రమే కాగితం ఇమ్మని, తెలుగులో చదివి చెప్పమని అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను కొత్తగా పల్మనాలజీ, అంటే ఊపిరితిత్తుల వైద్యం, ప్రాక్టీసు మొదలుపెట్టాను. రోజుకి ఎనభైమంది. మీ శీర్షిక చదువుతుంటే కొంచెం బాధగానూ ఉంటుంది, మేం చెప్పట్లేదని కాదు, చెప్పినా వినరు. అందర్నీ "అర్థమైందా" అని అడుగుతాను, అందరూ అర్థమైందనే అంటారు.
— ఒక యువ వైద్యుడు, వరంగల్

జవాబు: డాక్టర్ గారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. మీ ప్రశ్నలోనే చిక్కుంది. తెల్ల కోటు ఎదురుగా కూర్చుని "అర్థం కాలేదు" అనగలిగిన మనిషి మన ఊళ్ళలో ఎంతమంది? వెనకాల ఎనభైమంది ఉన్నారని వాళ్ళకీ తెలుసు, మీ టైమ్ తీసుకోవడం మర్యాద కాదనుకుంటారు. ఆ తలూపడం మీ మీద గౌరవం, అంతే.

నా సొంత సంగతి చెప్తా. ఉబ్బసం ఉన్న ఒకావిడకి నేనే రెండేళ్ళు రోటాక్యాప్, అంటే పరికరంలో పెట్టి పొడి పీల్చే క్యాప్సూల్, రాశాను, ప్రతిసారీ "వాడుతున్నారా" అంటే "రెండు పూటలా వాడుతున్నానండి" అనేది, ఆయాసం తగ్గదు, నేను డోసు పెంచుకుంటూ పోయాను. ఒకరోజు నర్సు రాలేదు, ఖాళీగా ఉన్నానని "ఏదీ ఎలా వాడుతున్నారో చూపించండి" అన్నాను. ఆవిడ సంచీలోంచి క్యాప్సూల్ తీసి నోట్లో వేసుకుని మంచినీళ్ళు తాగింది. రెండేళ్ళుగా మింగుతోంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, రెండు పూటలా వాడుతూనే ఉంది. పరికరం పెట్టెలోంచి తియ్యలేదు, పిల్లలు పాడుచేస్తారని బీరువాలో దాచింది. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది, ఇప్పటికీ ఆవిడ మొహం గుర్తొస్తుంది. క్యాప్సూల్ అనే మాట ఆమె జీవితమంతా మింగే వస్తువే, పీల్చేది ఉంటుందని నేను చేసి చూపించకుండా ఆమెకి ఎలా తెలుస్తుంది.

అప్పట్నించి "అర్థమైందా" మానేశాను. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్ళాక మీ కోడలికి ఎలా చెప్తారో నాకు చెప్పండి" అంటాను. పరీక్ష వాళ్ళకి కాదు, నాకు. తప్పు చెప్తే మళ్ళీ వేరే మాటల్లో చెప్పి మళ్ళీ చెప్పించుకుంటాను. మొదట్లో ఒక్కొక్కరికి ఒక నిమిషం ఎక్కువ పట్టింది, తర్వాత "మందు పనిచెయ్యలేదు" అని తిరిగొచ్చేవాళ్ళు తగ్గారు కాబట్టి ఆ నిమిషం తిరిగొచ్చింది. ఒక్కసారికి రెండు మూడు సంగతులకి మించి చెప్పను. ఎనభైమందితోనూ రేపే చెయ్యక్కర్లేదు, కొత్తగా ఇన్‌హేలర్ రాసినవాళ్ళతో మొదలుపెట్టండి. టేబుల్ మీద ఒక ఖాళీ పరికరం పెట్టుకోండి, వాళ్ళ చేత చేయించండి, పీల్చాక పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టించండి, స్టెరాయిడ్ మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయమని చెప్పండి. పాత పేషెంట్లని కూడా సంచీలో ఉన్నది తీసి ఒక్కసారి చూపించమనండి.

నా దగ్గరికొచ్చే ఆవిడకి సరిగ్గా పీల్చడం వచ్చిన మూడు వారాలకి డోసు సగానికి తగ్గించాను. ఇప్పుడు రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోగలుగుతోంది.